శాలువా తప్పించిన పాత వెర్షన్

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కొంచెం పెంచి చెబుతాను. తప్పు నాది కాదు, వృత్తిది. పాతికేళ్ళపాటు విజయవాడలో చెవిటి మిషన్లు సర్దే పని చేశాను. చిన్న చప్పుడును పెద్దది చేసి అవతలివాళ్ళ చెవిలో వెయ్యడమే నా ఉద్యోగం. యాభై దాటగానే ఉద్యోగం మానేశాను గానీ అలవాటు మానలేకపోయాను. మా ఆవిడైతే నేనేం చెప్పినా వాల్యూం సగానికి తగ్గించుకుని వింటుంది. మీరూ అలాగే వినండి. ఇందులో పూర్తిగా అల్లింది ఒక్కటే ఉంది. అదేమిటో చివర్లో నేనే చెప్పేస్తాను.

ఈ లైనులోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. చెవి లోపల నత్తగుల్లలాంటి భాగం గురించి మీకు కాలేజీలో చెప్పే ఉంటారు. చెవి బయట ఉండే మనిషి గురించి చెప్పి ఉండరు.

మా సెంటరు ఏలూరు రోడ్డులో ఒక మేడ మీద ఉండేది. కింద స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు, పైన ఇంటర్ కోచింగు. కింద గిన్నెలు పడేవి, పైన పిల్లలు ఫార్ములాలు వల్లించేవాళ్ళు, మధ్యలో మేము వినికిడి పరీక్షలు చేసేవాళ్ళం. పరీక్ష గదికి ఒక అద్దం కిటికీ వదిలి, నాలుగు వైపులా స్పాంజి అతికించాం. చప్పుడు వినపడితే బటన్ నొక్కాలని చెప్పి లోపల కూర్చోబెట్టేవాళ్ళం. మేమింకా మిషను ఆన్ చెయ్యకముందే కింద స్టీలు బిందె జారేది, లోపలాయన బటన్ నొక్కేవాడు. అలా చెవులు బాగున్నాయని తేలి సంతోషంగా ఇంటికెళ్ళిపోయినవాళ్ళు కృష్ణా జిల్లాలో సగం మంది ఉంటారు.

ముగ్గురం పనిచేసేవాళ్ళం. మొదటివారు ఓనరు గారు. అంత మర్యాదస్థుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. బెంజి సర్కిల్ దగ్గర ఆటో వచ్చి కాలి మీదెక్కితే, "కాస్త వెనక్కి తీసుకుంటారా అండీ" అని, తీసేదాకా నిలబడ్డ మనిషి. రెండో మనిషి రిసెప్షన్ అమ్మాయి. చేరినప్పుడు నిజంగానే అమ్మాయి. ఇప్పుడు ఆవిడ కూతురికి పెళ్ళిచూపులు జరుగుతున్నాయి, అయినా మాకు అమ్మాయే. రోజంతా చెవిటివాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ ఆవిడ గొంతు పెరిగిపోయింది. ఇంట్లో భర్తను కాఫీ తాగుతారా అని అడిగితే, పక్క వీధి వాళ్ళు వద్దని జవాబు చెప్పేవాళ్ళు. మూడోవాణ్ణి నేను. డాక్టర్ని కాను. ఎన్నిసార్లు చెప్పినా అందరూ డాక్టరు గారూ అనే పిలిచేవాళ్ళు. కొన్నాళ్ళకు చెప్పడం మానేశాను.

ఇక అసలు మనిషి, కూచిపూడి మాస్టారు. కూచిపూడి ఊళ్ళోనే నాట్యం నేర్పుతూ డెబ్బై దాటినాయన. ప్రదర్శనలో వేదికకు ఓ పక్కన కూర్చుని, తాళాలు వాయిస్తూ, జతులు చెబుతూ నాట్యాన్ని నడిపించే నట్టువాంగం ఆయన పని. ఆయన తాళం వేస్తే ఆడేవాళ్ళే కాదు, హాల్లో సీలింగు ఫ్యాన్లు కూడా లయలో తిరిగేవి. మా దగ్గర చాలా ఏళ్ళ కిందట ఒక మిషను తీసుకున్నారు. దాన్ని ఆయన చెవికి తగ్గట్టు నేనే సర్దాను. అది ఆయన చెవిలో ఎంతగా కుదిరిపోయిందంటే, స్నానానికి వెళ్ళేటప్పుడు తియ్యమని ఇంట్లోవాళ్ళు గుర్తుచెయ్యాల్సి వచ్చేది.

అలాంటి మిషను ఒక రోజు విజయవాడ బస్టాండులో ఇడ్లీ తింటుండగా సాంబారు గిన్నెలో పడింది. గరిటెతో తీసి మా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. చూశాను. మునక్కాయ గుజ్జు తప్ప అందులో ఏదీ పనిచేసే స్థితిలో లేదు. రిపేరుకని కంపెనీకి పంపించాం.

సరిగ్గా ఆ సమయంలోనే ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది. మిషను పాత యాజమాన్యం చేతిలోకి వెళ్ళి కొత్త యాజమాన్యం చేతిలోంచి తిరిగొచ్చింది. లోపల బోర్డు కొత్తది వేశారు, దాంతోపాటు నేను సర్దిన సెట్టింగులన్నీ తుడిచేశారు. మళ్ళీ సర్దుదామని కంప్యూటరుకు తగిలించాను. మా కొత్త సాఫ్ట్‌వేరు దాన్ని కాసేపు పరిశీలించి, ఈ పరికరం ఎవరో నాకు తెలియదు అంది. ఆ మోడలును గుర్తుపట్టడం పాత వెర్షన్‌కే వచ్చు. పాత వెర్షన్ ఉన్న కంప్యూటరును చెదలు తినేశాయి అంటే మీరు నమ్మరు. ఎలుకలు అంటాను.

అయినా నేను కంగారు పడలేదు. కంపెనీ వెబ్‌సైటులో పాత సాఫ్ట్‌వేర్లన్నీ వరసగా పేర్చిన పేజీ ఒకటి ఉండేది. మొదటి వెర్షన్ నుంచి నిన్నటిదాకా అన్నీ ఉండేవి. లాగిన్ అయి కావలసింది దింపుకోవడమే. వెళ్ళి చూశాను. ఆ పేజీ స్థానంలో చిరునవ్వు నవ్వుతున్న ఒక ముసలాయన బొమ్మ ఉంది. కింద, మేము కొత్త ప్రయాణం మొదలుపెట్టాం, పాత సాఫ్ట్‌వేర్లు మా గుర్తింపు పొందిన డీలర్లకు మాత్రమే ఇస్తాం అని రాసుంది. గుర్తింపు కావాలంటే, పాత యాజమాన్యం దగ్గర మీ ఖాతా ఏ పేరు మీద ఉందో మొదటి పేరు, చివరి పేరు విడివిడిగా కొట్టాలి.

దానికంటే ముందు నేను రోబోను కానని రుజువు చేసుకోమంది. జీబ్రా క్రాసింగులున్న గళ్ళు నొక్కమంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ విజయవాడలో తిరుగుతున్న మనిషిని, ఆ చారల మీద ఎప్పుడూ బళ్ళే చూశాను గానీ చారలు చూడలేదు. మూడుసార్లు రోబోనని తేల్చింది. రిసెప్షన్ అమ్మాయి వచ్చి నొక్కి నన్ను మనిషిని చేసింది.

తరవాత ఓనరు గారి పేరు కొట్టాం. ఇక్కడ ఎవరి పేరూ చెప్పనని ఒట్టు పెట్టుకున్నాను గనక అదేమిటో అడగొద్దు. ఇంటిపేరు ముందు పెట్టి కొట్టాం, లేడంది. ఇంటిపేరు వెనక పెట్టి కొట్టాం, లేడంది. ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించాం. అసలు పేరును రెండు ముక్కలు చేసి మొదటి దాన్ని ముందు, రెండో దాన్ని వెనక పెట్టాం. సాయంత్రానికి ఓనరు గారికి తన పేరు మీద తనకే అనుమానం వచ్చింది. "ఏవయ్యా, నేనున్నట్టేనా?" అన్నారు.

ఈలోగా మాస్టారికి కొత్త మోడలు మిషను ఒకటి పెట్టి చూశాను. ఖరీదైంది, తెలివైంది. ఆ తెలివితోనే వచ్చింది చిక్కు. మిషను చెవిలో కీచుమనకుండా అది కాపలా కాస్తుంటుంది. ఏ శబ్దమైనా ఎడతెగకుండా ఒకే స్థాయిలో వినబడితే, అది తన కీచే అనుకుని నొక్కేస్తుంది. ఎడతెగకుండా ఒకే స్థాయిలో వినబడేది లోకంలో ఇంకొకటి ఉంది. దాని పేరు శ్రుతి.

మాస్టారు మా స్పాంజి గదిలోనే శ్రుతి పెట్టె ఆన్ చేసి కూర్చున్నారు. కాసేపటికి తలెత్తారు.

"డాక్టరు గారూ, పెట్టె ఆపేశారేంటండీ?"

"ఆపలేదండీ. మోగుతోంది."

"మోగడం నాకు తెలుస్తోందండీ, దాని మీద చెయ్యేస్తే అదురుతోంది. వినపడ్డమే లేదు. ముందొచ్చి, తరవాత దొంగలాగా వెళ్ళిపోతోంది."

ఆయన వెంట వచ్చిన పెద్దమనిషి నవ్వాడు. ఈయన మాస్టారి చిన్ననాటి స్నేహితుడు, వాళ్ళ ప్రదర్శనలకు పాట పాడే గాయకుడు. నలభై ఏళ్ళుగా మాస్టారు తాళం, ఈయన పాట. మాస్టారు ఎక్కడికెళ్ళినా వెంట వచ్చేవాడు, వచ్చినచోటల్లా ఆయన్ని ఏడిపించేవాడు.

"ఒరేయ్, నీకు చెవులెందుకురా, నోరుందిగా! తాళం తప్పితే ఆడే పిల్లని తిట్టెయ్. ఇన్నాళ్ళూ అదేగా చేశావ్."

"నువ్వు నోర్ముయ్."

"ఆ?"

"నోర్ముయ్ అన్నా."

"అదేలే" అని మళ్ళీ నవ్వాడు.

ఆ కాపలాను తగ్గించొచ్చు గానీ పూర్తిగా తీసెయ్యడానికి కొత్త కంపెనీ ఒప్పుకోదు. వినియోగదారుడి క్షేమం కోసమట. పాత మిషనులో పాత సాఫ్ట్‌వేరుతో దాన్ని మొత్తానికే తీసెయ్యొచ్చు. నేను చాలా ఏళ్ళ కిందట చేసింది అదే. తాళం అంచు మోగడం, శ్రుతి నిలవడం, గజ్జె దూరంగా ఉందా దగ్గరగా ఉందా తెలియడం, అన్నీ ఆ పాత వెర్షన్‌లో ఉండిపోయాయి.

మాస్టారికి ఇది సరదా విషయం కాదు. రెండు వారాల్లో ఆయన శిష్యురాలు ఒకమ్మాయి విజయవాడలో మొదటిసారి పూర్తి కచేరీ చెయ్యబోతోంది. ఆ పిల్ల తండ్రి బందరు రోడ్డులో బట్టల వ్యాపారి, మంచి మనిషి. మాస్టారికి వినబడటం లేదని తెలిసి, బయటినుంచి ఒక కుర్ర నట్టువాంగం ఆయన్ని మాట్లాడి ఉంచాడు. మాస్టారిని ముందు వరసలో కూర్చోబెట్టి సన్మానం చేస్తానన్నాడు.

"మీకు తెలీదండీ" అన్నారు మాస్టారు, ఆ రోజు మెట్లు దిగబోతూ ఆగి. "మా లైనులో ఒకసారి శాలువా కప్పి ముందు వరసలో కూర్చోబెట్టారంటే, మళ్ళీ స్టేజీ ఎక్కనివ్వరు. ఎక్కడికెళ్ళినా కప్పుతూనే ఉంటారు. మా అన్నయ్యకి అలా కప్పీ కప్పీ బీరువా నిండింది, మనిషి ఖాళీ అయిపోయాడు. ఈ బట్టల కొట్టాయనకైతే శాలువా కొనే పని కూడా లేదు, కొట్లోనే ఉంది. నా కళ్ళముందే రంగు ఎంచాడు."

"ఏ రంగండీ?" అని అడిగాను. ఎందుకడిగానో నాకూ తెలియదు.

"గోధుమ" అన్నారాయన, మరణవార్త చెప్పినట్టు.

ఆ తరవాత నేను కొత్త యాజమాన్యం ఫోన్ నంబరు పట్టుకున్నాను. ఫోన్లో వాళ్ళు వినిపించే సంగీతం విని విని, ఇప్పటికీ నిద్రలో అదే హమ్ చేస్తుంటానట. చివరికి దూరదేశం నుంచి ఒక అబ్బాయి మాట్లాడాడు. ఇంగ్లీషులో. నాకు అర్థమైనంత తెలుగులో చెబుతాను.

"మీ సెంటరు ఖాతా ఉందండీ. కానీ అది మిస్టర్ గ్యారూ పేరు మీద ఉంది. ఆయన మాట్లాడితేనే తెరుస్తాం."

"గ్యారీయా?" అన్నాను.

"అవును" అన్నాడు. వాడికి నా తెలుగు ఇంగ్లీషు, నాకు వాడి ఇంగ్లీషు ఇంగ్లీషు, ఇద్దరికీ సమానంగానే అర్థమయ్యాయి.

గ్యారీ ఎవరు? ఓనరు గారికి గుర్తొచ్చింది. ఒకప్పుడు పాత కంపెనీ నుంచి ఒక దొర వచ్చాడు. అల్లం పచ్చడితో పెసరట్టు తిని, కళ్ళు తుడుచుకుంటూ అద్భుతం అన్నాడు. "వాడే అయ్యుంటాడయ్యా. మన ఖాతా తన పేరున రాసుకుని వెళ్ళిపోయాడు. అంత మంట పెట్టకుండా ఉండాల్సింది." ఆ దొర కోసం గాలించాం. పాత ఏజెంట్లకు ఫోన్లు చేశాం. గన్నవరం ఎయిర్‌పోర్టులో అతన్ని ఎక్కించిన టాక్సీ డ్రైవరును కూడా పట్టుకున్నాం. దొర పేరు గ్యారీ కాదని, పెసరట్టు తరవాత దారిలో రెండుచోట్ల కారు ఆపించాడని మాత్రం తెలిసింది. అలా వారం గడిచిపోయింది.

ఇక నిర్ణయం జరిగిన రోజు. మాస్టారు, ఆయన స్నేహితుడు మధ్యాహ్నం వచ్చారు. మాస్టారు కూర్చోకుండానే, "శాలువాకి ఒప్పేసుకుంటానండీ. మీరు కూడా ఎంతని తిప్పలు పడతారు" అన్నారు. ఆ గొంతు విన్నాక నాకు ఒళ్ళు మండింది. ఇంకొక్కసారి అని ఫోన్ కలిపి, స్పీకరులో పెట్టాను. అదే అబ్బాయి.

"మీ మిస్టర్ గ్యారూ ఎవరో, ఒక్కొక్క అక్షరం చెప్పు నాయనా" అన్నాను.

చెప్పాడు. మా సెంటరులో ఒక ఆచారముంది. ఎదుటివాళ్ళకు వినబడనిదేదైనా పలక మీద రాసి చూపిస్తాం. మాస్టారు "ఏవంటున్నాడండీ?" అని అడుగుతున్నారు. అందుకని అక్షరాలు అతను చెప్పినట్టే రాసి ఆయన ముందు పెట్టాను. జి, ఏ, ఆర్, యు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. "గారు" అన్నారు. "ఏ గారండీ?"

రిసెప్షన్ అమ్మాయి బల్ల వెనక నుంచి తలెత్తింది.

"అది నేను కొట్టిందేనండీ" అంది.

"నువ్వా?"

"చేరిన కొత్తల్లో. మొదటి పేరు అని అడిగింది, ఓనరు గారి పేరు కొట్టాను. చివరి పేరు అని అడిగింది. పేరు చివర ఏముంటుందండీ? గారు ఉంటుంది."

"ఇంటిపేరమ్మా!" అన్నాను.

"ఇంటిపేరు ముందుంటుంది కదండీ. ముందు ఉండేదాన్ని చివర ఎలా కొడతాను? పైగా అంత పెద్దాయన్ని ఉత్త పేరుతో కొట్టమంటారా? మా నాన్న చంపేసేవాడు."

కంపెనీ నుంచి వచ్చే ఉత్తరాలు, డియర్ మిస్టర్ గారు అని ఎందుకు మొదలయ్యేవో అప్పుడు నాకర్థమైంది. ఇన్నేళ్ళూ వాళ్ళు మర్యాద నేర్చుకున్నారనుకున్నాను. చెవుల సెంటరులో పాతికేళ్ళు పనిచేసి, రోజుకు వెయ్యిసార్లు అనే మాట ఒక విదేశీ నోట్లోంచి వస్తే గుర్తుపట్టలేకపోయాను.

ఇప్పుడు ఓనరు గారు ఫోన్లో ఒక్కమాట చెప్పాలి. నేనే మిస్టర్ గారూని అనాలి.

ఆయన వెనక్కి జరిగారు. "నన్ను నేను గారు అనుకోవడం ఏంటయ్యా? ఎవరన్నా వింటే ఏమనుకుంటారు?"

"ఇక్కడ వినేవాళ్ళెవరండీ? అందరూ చెవిటివాళ్ళేగా!" అంది రిసెప్షన్ అమ్మాయి.

"నా నోట రాదమ్మా."

మాస్టారు తన పాత మిషనును అరచేతిలో పెట్టుకుని అలా చూస్తూ నిలబడ్డారు. ఓనరు గారు అటు ఒకసారి చూసి, ఫోన్ దగ్గరికి వంగి, గుళ్ళో పూజారి చెవిలో గోత్రం చెప్పినట్టు అన్నారు: "ఐ యామ్ గారు."

"సర్, వినబడటం లేదు" అన్నాడు అవతలి అబ్బాయి.

"ఐ యామ్ గారు."

"సర్, కాస్త గట్టిగా."

ఓనరు గారు కళ్ళు మూసుకున్నారు. జీవితంలో ఆటోవాడి మీద కూడా అరవని మనిషి, ఊపిరి పీల్చుకుని, "ఐ! యామ్! గారూ!" అని ఒక్క కేక వేశారు. కింద కొట్లో గిన్నెలు ఆగిపోయాయి. పైన ఫార్ములాలు ఆగిపోయాయి. బయట హాల్లో కూర్చున్న పేషెంట్లు, వాళ్ళలో కొందరు పదేళ్ళుగా ఏదీ విననివాళ్ళు, అందరూ ఇటు తిరిగారు. ఒక్క గాయకుడు మాత్రం నా మోచెయ్యి పట్టుకుని, "ఏవన్నాడు?" అని అడిగాడు. ఈయన ఆటపట్టించడానికి వేళాపాళా లేదనుకున్నాను.

ఖాతా తెరుచుకుంది. వెర్షన్లన్నీ వరసగా, ఎక్కడివక్కడే ఉన్నాయి. త్వరలో ఈ పేజీని శాశ్వతంగా మూసివేస్తాం అని పైన ఎర్ర అక్షరాల్లో ఉంది. నాకు కావలసింది ఒక్కటే. అన్నీ దింపాను. పెన్ డ్రైవును ఇప్పటికీ పోపులపెట్టెలో దాచి ఉంచాను, అక్కడికి ఎలుకలు వెళ్ళే ధైర్యం చెయ్యవు, మా ఆవిడ ఉంటుంది. పిల్లలూ, మీకు నేను చెప్పగలిగే సాంకేతిక సలహా ఇదొక్కటే. కంపెనీ చేతులు మారుతోందని వినగానే, ముందు పాత వెర్షన్ దింపుకోండి. శుభాకాంక్షలు తరవాత చెప్పొచ్చు.

పాత మిషనును పాత వెర్షన్‌తో సర్ది, కాపలా తీసేసి, మాస్టారి చెవిలో పెట్టి శ్రుతి పెట్టె ఆన్ చేశాను. ఆయన వేళ్ళతో బల్ల మీద చిన్నగా తాళం వేశారు. "ఉందండీ" అన్నారు. "పోవట్లేదు."

కచేరీ రోజు నట్టువాంగానికి మాస్టారే కూర్చున్నారు. ఆ పిల్ల ఎలా ఆడిందంటే, వేదిక చెక్కలు మార్చాల్సొచ్చిందని విన్నాను. గోధుమరంగు శాలువా వృథా పోలేదు, వ్యాపారి దాన్ని మా ఓనరు గారికి కప్పాడు. మైకులో ఆయన పేరు చదివి చివర గారు అని తగిలించారు. పక్కన కూర్చున్న రిసెప్షన్ అమ్మాయి నావైపు తిరిగి, "చూశారా, మైకులో కూడా అలాగే కొట్టారు" అంది.

ఒక్కటే చేదు జరిగింది. మిషను బాగయ్యాక మాస్టారికి అన్నీ వినబడ్డాయి, స్నేహితుడి పాట కూడా. శ్రుతికి కాస్త కిందుగా, మొదటినుంచి చివరిదాకా. వేదిక దిగాక ఇద్దరికీ మాటామాటా పెరిగింది. గాయకుడు కండువా విదిలించి భుజాన వేసుకుని, బస్సెక్కి వెళ్ళిపోయాడు. చిన్ననాటి స్నేహం అక్కడితో తెగింది.

నేను అల్లింది ఇదే, ఈ చివరి పోట్లాట. గారు సంగతి మీరు నమ్మి ఉండరు, అది అక్షరాలా నిజం. ఈ పోట్లాట మాత్రం జరగలేదు.

జరిగింది ఇది. పాట కిందుగా వినబడినా కచేరీలో మాస్టారు ఏమీ అనలేదు. మర్నాడు స్నేహితుడి చెయ్యి పట్టుకుని మా మెట్లెక్కించి తీసుకొచ్చారు. ఆయన ఏమీ ఏడిపించకుండా బుద్ధిగా స్పాంజి గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. తలుపు వెయ్యబోతుంటే, "రాసే అలవాటుందటగా మీకు" అన్నాడు. "రాస్తే వాడూ నేనూ పోట్లాడుకున్నామని రాసుకోండి. నాకు చెవుడొచ్చిందని మాత్రం రాయకండి. పాడేవాణ్ణి." సరేనని మాటిచ్చాను. ఆ మాట ప్రకారమే పైన రాశాను. పేరు చెప్పలేదు గనక, ఇప్పుడు ఇది కూడా రాయొచ్చనుకుంటున్నాను.

నేను మిషను ఇంకా ఆన్ చెయ్యలేదు. కింద కొట్లో స్టీలు బిందె జారింది. అద్దం బయట నిలబడ్డ మాస్టారు ఉలిక్కిపడ్డారు. లోపల గాయకుడు బటన్ మీద వేలు పెట్టుకుని, చప్పుడు ఎప్పుడొస్తుందా అని నా వంకే చూస్తున్నాడు.

రిసెప్షన్ అమ్మాయి కంప్యూటరులో ఆయన పేరు కొట్టింది. చివరి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, గారు అని కొట్టింది. మాలో ఎవరూ వద్దనలేదు.